పేరు మారిందా, ప్రమోషన్ వచ్చిందా: ఒక మున్సిపాలిటీ జీతాల ఫైలు

2018 జూలైలో మా మున్సిపాలిటీకి వచ్చిన ఆడిట్ రిపోర్టులో ఒక పేరా నా మీదే. ఆడిట్ వాళ్లు మనిషి పేరు రాయరు, 'వేతన స్థిరీకరణలో పొరపాటు' అని రాస్తారు. కొత్త పోస్టులో జీతం ఎంతో తేల్చడమే స్థిరీకరణ, ఫిక్సేషన్ అన్నా అదే. ఆ స్థిరీకరణ చేసింది నేను. పోస్టు మారిన ముగ్గురు ఉద్యోగులకు ఎఫ్.ఆర్. 22-బి కింద, అంటే ఫండమెంటల్ రూల్స్‌లో ప్రమోషన్‌కు వర్తించే రూలు కింద, జీతం కట్టాను. అది తప్పు, ముగ్గురి దగ్గరా రికవరీ చేయండి అన్నారు.

ఏడాది ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత తేలింది ఇదీ: ఒకరి విషయంలో నేను కరెక్టు, ఒకరి విషయంలో ఆడిట్ కరెక్టు. మూడో ఆయనకు అసలు ఈ పోస్టు మార్పే అక్కర్లేదు. ఆ మాట ఆయన్ని ముందుగా అడిగినవాళ్లు లేరు. ఎస్టాబ్లిష్‌మెంట్ సీట్లో (ఉద్యోగుల సర్వీసు, జీతాల ఫైళ్లు చూసే సీటు) పనిచేసేవాళ్లకు పనికొస్తుందని మొత్తం కేసు రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు వదిలేస్తున్నాను. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం అనుకోండి, చాలు.

ఏ పోస్టులు, ఏ స్కేళ్లు

అప్పట్లో నేను సి1 సీటు చూసే సీనియర్ అసిస్టెంట్‌ని. ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ల కొరత ఏళ్ల తరబడి ఉంది. ఖాళీ సీట్ల పని చేస్తున్నది ఇద్దరు రికార్డ్ అసిస్టెంట్లు, ఒక టైపిస్టు. 2015 పీఆర్సీ (వేతన సవరణ) స్కేళ్లలో రికార్డ్ అసిస్టెంట్‌ది జూనియర్ అసిస్టెంట్ కంటే కింది స్కేలు. జూనియర్ అసిస్టెంట్‌కు 16,400–49,870. టైపిస్టుకూ అదే 16,400–49,870. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయింది అదే.

రెండు రికార్డ్ అసిస్టెంట్ పోస్టులనీ, ఒక టైపిస్టు పోస్టునీ తీసేసి మూడు జూనియర్ అసిస్టెంట్ పోస్టులు చేయమని 2015లో ప్రతిపాదన పంపాం. జీతాలు 010 పద్దు నుంచి, అంటే రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి కాబట్టి అదనపు భారం అంటే పైన ఫైలు కదలదు. స్కేలు మొదటి మెట్టు దగ్గర రెండు రికార్డ్ అసిస్టెంట్ పోస్టులకూ కలిపి తేడా చిన్నదే. దానికి బదులుగా ఖాళీగా ఉన్న ఒక అటెండర్ పోస్టు సరెండర్ చేశాం. 13,000–40,270 స్కేలు పోస్టది. ఆ చిన్న తేడా కోసం 13,000 పోస్టు వదులుకున్నామన్నమాట. భారం లేదని రాయడానికి అప్పుడు బాగానే అనిపించింది. ఇప్పుడైతే ఆ పని చేయను. పోయిన పోస్టు తిరిగి రాదు. ఆ తర్వాత ఆఫీసు తలుపు తీసేవాళ్ల కోసం ఔట్‌సోర్సింగ్ మీదే ఆధారపడ్డాం.

పది రోజుల డైరీ

ప్రతిపాదనకు 'పని సమర్థన' జతచేయాలి. మామూలుగా అందరం రాసేది ఒకటే: పట్టణ జనాభా పెరిగింది, పని భారం పెరిగింది, కావున. నాకెందుకో ఆసారి అలా రాయబుద్ధి కాలేదు. ఇద్దరు రికార్డ్ అసిస్టెంట్లలో ఒకావిడ పని పది పనిరోజులు దగ్గరుండి రాసుకున్నాను.

ఆవిడ భర్త మా ఆఫీసులోనే చేస్తూ పోయారు. కారుణ్య నియామకంలో వచ్చింది. పోస్టు ప్రకారం ఆవిడ పని ముగిసిన ఫైళ్లు తీసుకుని, కుట్టి, చీటీ అంటించి, వరసలో పెట్టడం. ఫైలు ఎన్నేళ్లు దాచాలో దాని మీది గుర్తు చెబుతుంది: ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే ఏడాది. అడిగినప్పుడు తీసివ్వడం. రికార్డు గది తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. ఆ పది రోజుల్లో ఆవిడ ఆ గదిలోకి వెళ్లింది రెండు సార్లు. మిగతా రోజంతా జనన మరణాల కౌంటరు. పిల్లవాడి పేరులో అక్షరం తప్పు, తండ్రి పేరు మార్పు, ఆసుపత్రి పంపిన రిపోర్టుకీ దరఖాస్తుకీ తేదీ తేడా. రిజిస్టరు తీసి సరిచూడటం, నోట్ రాసి పైకి పెట్టడం. సోమవారం ప్రజావిజ్ఞప్తుల జవాబులు. మధ్యాహ్నం తపాలు.

నాకు అసలైన సాక్ష్యం దొరికింది ఆవిడ బల్ల సొరుగులో. ఈ2 సీటు పర్సనల్ రిజిస్టర్. ఆఫీసులో గుమాస్తా అంటే సీటు, సీటు అంటే పర్సనల్ రిజిస్టర్. వచ్చిన ప్రతి కాగితం అందులో ఎక్కాలి, ఏమైందో పక్కన రాయాలి. రికార్డ్ అసిస్టెంట్‌కు అది ఉండదు. ఈ2 సీటు 2009 నుంచి ఖాళీ. అట్ట మీద ఇన్‌ఛార్జ్‌గా ఒక సీనియర్ అసిస్టెంట్ పేరుంది. లోపల ఆయన చేతిరాత ఒక్క పేజీలో లేదు. ఆరేళ్ల ఎంట్రీలూ ఆవిడవే, గుండ్రటి అక్షరాలు, ఎడమవైపు కొద్దిగా వాలినవి. నెలాఖరు సంతకం మాత్రం ఆయనది.

"ఏమ్మా, ఇది నువ్వు రాయమని ఆర్డరేమైనా ఇచ్చారా?" అని అడిగాను.

"ఆర్డరేంటండీ సార్, చేరిన రెండో రోజున బల్ల మీద పెట్టి వెళ్లారు" అంది.

ఇక్కడ ఒక పక్క మాట. తర్వాత ఫైళ్లను కంప్యూటర్లో నడిపే ఈ-ఆఫీసు వచ్చింది. ఆవిడకు లాగిన్ ఇవ్వలేదు, పోస్టు రికార్డ్ అసిస్టెంటే కదా అని. అదే సీనియర్ అసిస్టెంట్ లాగిన్‌లో కూర్చుని పనిచేసింది. దాంతో కంప్యూటర్లో చూస్తే ఆ పని మొత్తం ఆయన చేసినట్టే. కాగితంలో చేతిరాతైనా మిగిలింది, ఈ-ఆఫీసులో మనిషి జాడే లేదు. పని ఎవరు చేస్తున్నారో తేల్చాలంటే లాగిన్ రిపోర్టు ఒక్కటే నమ్మకండి.

ఆర్డరులో రెండు మాటలు

2016లో మంజూరు ఉత్తర్వు వచ్చింది. మొదటి పేరాలో 'ఉన్నతీకరించడమైనది' అని ఉంది. మూడో పేరాలో 'పేరు మార్చడమైనది' అని ఉంది. సంతోషంలో ఉన్నాం, ఆ తేడా ఎవరం పట్టించుకోలేదు. ప్రమోషన్ కమిటీ కూర్చుంది. ఇద్దరు రికార్డ్ అసిస్టెంట్ల విద్యార్హతలు, సర్వీసు రికార్డు, క్రమశిక్షణ కేసులు ఉన్నాయా లేదా చూసి ఆమోదించింది. టైపిస్టు పేరు కమిటీ ముందుకు వెళ్లలేదు, ఆయన్ని కమిషనర్ ఉత్తర్వుతో సర్దారు. 2016 జూన్ 1 నుంచి ముగ్గురూ జూనియర్ అసిస్టెంట్లు.

ఇక జీతం. నా దగ్గర పాత ప్రమోషన్ ఫైలు ఒకటి ఉండేది, అందులోని ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు) మూసలో పేర్లు, అంకెలు మార్చి ముగ్గురికీ తీశాను. తప్పు మొదలైంది అక్కడ.

ఆవిడ లెక్కే చూడండి. ఆ రోజుకు ఆవిడ మూల వేతనం 18,400. మూడు రకాలుగా కట్టవచ్చు. ప్రమోషన్, బాధ్యత పెరిగింది అంటే ఎఫ్.ఆర్. 22-బి: కింది పోస్టులోనే ఒక ఇంక్రిమెంట్ నోషనల్‌గా (లెక్క కోసం మాత్రమే) కలిపితే 18,950, పై స్కేల్లో దాని తర్వాతి మెట్టు 19,500. నోషనల్ ఇంక్రిమెంట్ లేకుండా ఎఫ్.ఆర్. 22(ఎ)(i) కింద కడితే 18,950. బాధ్యత మారలేదు, స్కేలూ పోస్టు పేరూ మాత్రమే మారాయి అంటే ఉన్నచోటే 18,400. పోస్టు జీతం మారినప్పుడు ఆ పోస్టులో ఉన్న మనిషి సంగతేమిటో చెప్పే ఎఫ్.ఆర్. 23 కూడా ఒకటుంది. పాత జీతంలో వచ్చే ఇంక్రిమెంట్ దాకా ఉండవచ్చన్న ఆప్షన్ అందులో ఉంది. ఆ రూలు నా ఫైల్లో ఎక్కడా లేదు.

18,400కూ 19,500కూ తేడా నెలకు 1,100. ఆవిడ ఇంక్రిమెంట్ నెల జూనే కాబట్టి ఆడిట్‌కు లెక్క సులువైంది. 24 నెలలకు 26,400. డీఏ, ఇంటి అద్దె భత్యం కలిపితే 36 వేలు దాటింది. ఆ ఇంట్లో సంపాదించేది ఆవిడ ఒక్కతే.

నా డైరీ నాకే అడ్డం తిరిగింది

ఆడిట్ పేరా చదివితే ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వూ వచ్చింది. వాళ్లు ఉటంకించింది నా డైరీనే. 'ప్రతిపాదనకు జతచేసిన అనుబంధం ప్రకారం సదరు ఉద్యోగి 2016కు ముందు కూడా ఇవే విధులు నిర్వహించుచున్నందున, బాధ్యతలు పెరిగినట్లు భావించరాదు.' ఆవిడకు పోస్టు ఇప్పించడానికి రాసింది, ఆవిడ దగ్గర డబ్బు వెనక్కి లాగడానికి ఆధారమైంది.

జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. చివరికి నిలబడిన వాదన ఇది: బాధ్యత పెరిగిందా అన్నది పోస్టుకూ పోస్టుకూ మధ్య చూడాలి గాని, నిన్నటి మనిషికీ ఇవాళ్టి మనిషికీ మధ్య కాదు. రికార్డ్ అసిస్టెంట్ పోస్టుకు రాసున్న విధులు వేరు, జూనియర్ అసిస్టెంట్‌కు రాసున్నవి వేరు. రెండోవి పెద్దవి. ఆరేళ్లు ఉత్త నోటి మాట మీద పెద్ద పని చేయించుకున్నందుకు, ఆ పని చిన్నదైపోదు.

నా వాదనకు రెండో ఆధారం సుప్రీంకోర్టు తీర్పు. 2011లో బీఎస్ఎన్ఎల్ వర్సెస్ శాంతకుమారి వేలుస్వామి కేసులో ప్రమోషన్‌కూ అప్‌గ్రెడేషన్‌కూ తేడా విడమరిచి చెప్పారు. అర్హత, యోగ్యత చూసి ఎంపిక చేస్తే అది ప్రమోషన్. ఎంపిక లేకుండా ఉన్నవాళ్లందరికీ పై స్కేలు ఇస్తే అప్‌గ్రెడేషన్. ప్రమోషన్ అయితే రిజర్వేషన్ రోస్టర్ (ఏ ఖాళీ ఏ వర్గానికో చెప్పే వరస) వర్తిస్తుంది, ఉత్త అప్‌గ్రెడేషన్‌కు వర్తించదు. మా ఆర్డరులో ఏ మాట వాడారన్నది కాదు, ఎంపిక జరిగిందా లేదా అన్నది ప్రశ్న. కమిటీ మినిట్స్ తీశాను. రోస్టర్ పాయింట్లు అందులో నమోదయ్యాయి. అది మాత్రం నా గొప్ప కాదు, మా మేనేజర్ గారి జాగ్రత్త. రోస్టర్ రాయకుండా ఉండుంటే 'ఇది ప్రమోషన్' అన్న నా వాదన అక్కడే కూలేది.

ఆవిడ పేరా డ్రాప్ అయింది. 19,500 నిలిచింది.

టైపిస్టు గారు

ఈయన విషయంలో నాకు వాదన లేదు. ఆయన స్కేలూ జూనియర్ అసిస్టెంట్ స్కేలూ ఒకటే. కమిటీ లేదు, ఎంపిక లేదు. ఒక స్కేలు నుంచి అదే స్కేలుకు వెళ్తే ఉన్న జీతమే ఉంటుంది. 24,440 దగ్గర ఉన్న మనిషికి నేను మూసలో 22-బి కట్టి 25,840 చేశాను. నెలకు 1,400 ఎక్కువ. రెండేళ్లకు ఒక్క మూల వేతనమే 34 వేలు దాటింది.

ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన సీటు పక్కన మూల, ప్లాస్టిక్ కవరు కప్పి, తెలుగు టైప్‌రైటర్ ఇంకా ఉండేది. దానికి రిబ్బన్ దొరకడం మానేసి చాలా కాలమైంది. పదిహేనేళ్లుగా ఆయన చేసింది కోర్టు కేసుల కౌంటర్లు తయారు చేయడం, ఇంటిపన్ను డిమాండు సరిచూడటం.

"నా జీతం తగ్గిస్తూ ఆ కాగితం నా చేతే రిసీవ్ చేయిస్తారా సార్?" అన్నారు. కాసేపాగి, "మిషన్ పోయినప్పుడే నన్నూ మార్చుండాల్సింది" అన్నారు. నేనేం మాట్లాడలేదు. ఆయన అన్నది నిజం, కానీ పని మారిందని ఫండమెంటల్ రూల్స్ డబ్బివ్వవు.

జీతం తగ్గించాల్సిందే. ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోవాలా అన్నది వేరే ప్రశ్న. 2014 డిసెంబరులో స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ రఫీక్ మసీహ్ కేసులో, తన తప్పు లేకుండా ఎక్కువ జీతం తీసుకున్న ఉద్యోగి నుంచి రికవరీ చేయకూడని 5 సందర్భాలు సుప్రీంకోర్టు చెప్పింది. అందులో మొదటిది క్లాస్-3, క్లాస్-4 ఉద్యోగులు. ఆయన క్లాస్-3. తేలిపోయిందనుకున్నాను.

తేలలేదు. ఆడిట్ ఇంకో తీర్పు చూపించింది. 2016 జూలైలో పంజాబ్–హర్యానా హైకోర్టు వర్సెస్ జగదేవ్ సింగ్ కేసులో, ఎక్కువ చెల్లించినట్టు తేలితే తిరిగి ఇస్తానని ఉద్యోగి ముందే అండర్‌టేకింగ్ ఇచ్చుంటే రికవరీ చేయవచ్చన్నారు. టైపిస్టు గారి సర్వీసు రిజిస్టరు (ఎస్.ఆర్.)లో అలాంటి అండర్‌టేకింగ్ ఉంది. 2015 పీఆర్సీ ఆప్షన్ ఫారంలో. అందరం చదవకుండా సంతకం పెట్టిన ఫారం అది.

ఆ రాత్రి ఎస్.ఆర్. ఇంటికి తీసుకెళ్లకూడదని తెలిసీ తీసుకెళ్లాను. ఆ ఫారం ఐదారు సార్లు చదివాను. అండర్‌టేకింగ్ ఇచ్చింది 'ఈ సవరించిన స్కేళ్లలో వేతన స్థిరీకరణ' గురించి. అంటే పీఆర్సీ ఫిక్సేషన్ గురించి. 2016లో నేను చేసిన 22-బి ఫిక్సేషన్ దాని తర్వాతది, దానికి ఆయన ఏ హామీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఈ ఒక్క పాయింటే జవాబుగా రాశాను. రికవరీ మాఫీ అయింది, జీతం మాత్రం సరిచేసి తగ్గించాం. ఆయన నాతో మళ్లీ మామూలుగా మాట్లాడటానికి దసరా దాకా పట్టింది.

మూడో ఆయన

రెండో రికార్డ్ అసిస్టెంట్‌ని ఆఫీసంతా బాబాయ్ అనేవాళ్లం. ఆయనకు అదే పోస్టులో 17 ఏళ్ల సర్వీసు. ప్రమోషన్ రాకపోయినా సర్వీసు ఏళ్లను బట్టి పై స్కేలు ఇచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము ప్రకారం 12 ఏళ్లకే పై పోస్టు స్కేలు వచ్చేసింది. అంటే రికార్డ్ అసిస్టెంట్‌గా ఉంటూనే జూనియర్ అసిస్టెంట్ స్కేల్లో ఉన్నాడు. 18 ఏళ్లు నిండితే ఇంకో ఇంక్రిమెంట్ రావాలి, అది 2017లో. ప్రమోషన్ తీసుకున్నాక కొత్త పోస్టులో లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. మొదటి మెట్టు 6 ఏళ్లకు. ఆయన రిటైర్మెంట్ 2020లో.

అలా ఇప్పటికే స్కీము లాభం తీసుకున్నవాళ్ల ఫిక్సేషన్‌కు విడి షరతులున్నాయి. నేను అవి చూడకుండా మూస వాడాను. సరిచేశాక ఆయన ఉన్నచోటే ఉంటే వచ్చేదానికీ, ప్రమోషన్‌లో వచ్చినదానికీ పెద్ద తేడా మిగల్లేదు. ఈ లెక్క ఆయన పాత క్యాలెండర్ కాగితం వెనక తనే వేసుకుని తెచ్చి చూపించాడు. తప్పులేదు అందులో, నా ప్రొసీడింగ్స్ కంటే శుభ్రంగా ఉంది.

"ఆయ్, నాకెందుకండీ ఈ ప్రమోషను? జీతం అంతే, కొత్త సీటు, కొత్త టెన్షన్. రికార్డు గదిలో నా ఫ్యాను కింద నేనుండేవాణ్ణి" అన్నాడు.

ఆయన వెళ్లాక రికార్డు గదిని సరిగ్గా చూసేవాళ్లు లేరు. 2019లో ఒక కోర్టు కేసుకు 1994 నాటి లేఅవుట్ ఫైలు కావాల్సొస్తే నాలుగు రోజులు వెతికాం. చివరికి బాబాయే వచ్చి, కింది అరలో మూడో కట్ట అని చెప్పి వెళ్లాడు. 'రికార్డ్ అసిస్టెంట్లు రికార్డు పని చేయడం లేదు' అని నా డైరీలో రాసిన మాట ఆవిడ విషయంలో నిజం. బాబాయ్ పని నేను ఒక్క రోజు కూడా చూడలేదు. ఒకరి పది రోజులు చూసి ఇద్దరి పోస్టులూ తీసేయించాను.

మళ్లీ అదే

2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాయి. కొత్తవాళ్లు మొదట నెలకు 15,000 మీద పనిచేశారు. 2022లో ప్రొబేషన్ ఖరారయ్యాక వార్డు అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీకి 23,120–74,770 స్కేలు ఇచ్చారు. అదే ఏడాది వచ్చిన పీఆర్సీలో జూనియర్ అసిస్టెంట్‌కు 25,220–80,910. మొదటి మెట్టు దగ్గరే 2,100 తేడా. పోస్టు వేరు, విధుల జాబితా వేరు, తేడా ఉండవచ్చు. కానీ చిన్న మున్సిపాలిటీల్లో జరిగేది అందరికీ తెలుసు. మెయిన్ ఆఫీసులో సీటు ఖాళీ అయితే సచివాలయం నుంచి ఒకరిని పిలిపించి కూర్చోబెడతారు.

2023లో నేను మేనేజర్‌గా ఇంకో ఊళ్లో ఉన్నాను. రెవెన్యూ విభాగంలో ఒక గుమాస్తా లాంగ్ లీవు పెట్టాడు. ఒక వార్డు అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీ కుర్రాడిని రమ్మన్నాం. రమ్మన్నది నేనే, ఫోన్లో. నెల తర్వాత ఆ వరండాలో వెళ్తూ చూస్తే ఆ అబ్బాయి లీవులో ఉన్నవాడి లాగిన్‌లో ఫైలు నడుపుతున్నాడు.

"నీ పేరు మీద ఆర్డరుందా బాబూ?"

"లేదు సార్, మీరు రమ్మన్నారు కదా."

ఆ సాయంత్రమే ఆఫీసు ఆర్డర్ టైపు చేయించాను. ఫలానా తేదీ నుంచి, ఫలానా సీటు, పూర్తి అదనపు బాధ్యత, సొంత పోస్టు పనికి అదనంగా. కమిషనర్ గారి సంతకం అయ్యాక కాపీ అతని ఎస్.ఆర్.కు పంపించాను. లాగిన్ మ్యాపింగుకు రాశాను. స్టోరు నుంచి ఒక కొత్త పర్సనల్ రిజిస్టర్ తెప్పించి అట్ట మీద అతని పేరు, పోస్టు, సీటు నేనే రాశాను.

"ఈ-ఆఫీసు ఉండగా ఇదెందుకు సార్?" అన్నాడు.

"నీ చేత్తో రాయి, చెబుతాను" అన్నాను. మొదటి ఎంట్రీ ఆ రోజు వచ్చిన ఇంటిపన్ను రివిజన్ పిటిషన్. అతని అక్షరాలు చిన్నవి, గీత మీదే నిలబడ్డాయి.